తరిగిపోవు సిరి – తరుగని బాధ్యత
(కోలారు గనుల వెలుగులో విశ్వేశ్వరయ్యగారి ప్రణాళికా దృష్టి)

వర్ధమాన దేశముల ఆర్థిక విధానమును గూర్చి భారతీయులు రచించిన గ్రంథములలో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి ‘ప్లాన్డ్ ఎకానమీ ఫర్ ఇండియా’ (1934) తొలి వరుసలోనిది. పదేండ్లలో జాతీయాదాయమును రెండింతలు చేయుట, సేద్యముపై ఆధారపడిన జనులలో కొందరిని పరిశ్రమలకు మరల్చుట దాని ముఖ్యాశయములు. గ్రంథకర్త పూర్వులు గిద్దలూరు ప్రాంతపు మోక్షగుండమువారు. ఆయన జన్మించినది ఆనాటి కోలారు జిల్లాలోని ముద్దేనహళ్ళి. కావున ఆ జిల్లాలోనిదే యైన రాబర్ట్‌సన్‌పేటలో నిలిచి ఆ దృష్టిని పరీక్షించుట అసంగతము కాదు.

ఈ పట్టణమునకు ప్రాణము బంగారు గనులు. 1880 నుండి జాన్ టేలర్ సంస్థ ఇచ్చట త్రవ్వకములు సాగించెను. తమిళ సీమనుండియు, చిత్తూరు ప్రాంతమునుండియు కూలిజనము తరలివచ్చిరి. 1902లో శివసముద్రపు జలవిద్యుత్తు ఈ గనులకు చేరినది. ఇంజనీరుగా విశ్వేశ్వరయ్యగారు కృష్ణరాజసాగర నిర్మాణమును సమర్థించిన కారణములలో గనులకు విద్యుత్తు నందించుటయు నొకటి. ఇది గొప్ప దూరదృష్టి. తరిగిపోవు బంగారము తరుగని జలాశయమునకు ఊతమైనది. అయితే ఆ జలాశయపు కాలువలు మండ్య సీమను పండించినవి. గనులున్న ఊరికి మిగిలినదేమి?

1956లో మైసూరు ప్రభుత్వము గనులను జాతీయము చేసెను. 1962లో అవి కేంద్రమునకు సంక్రమించెను. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడెను. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడెను. నూట ఇరువది యేండ్లలో సుమారు 800 టన్నుల బంగారము వెలికివచ్చినది. త్రవ్వకము మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు సాగెను.

ఆదాయవృద్ధియే కొలమానమైనచో ఈ కథ విజయగాథయే. మా విమర్శ ఆ కొలమానముపైననే. గనినుండి తీసిన బంగారము ఆదాయము కాదు, మూలధనము. పొలమమ్మిన సొమ్మును పంటరాబడిగా లెక్కించుకొను రైతును లోకము మెచ్చదు. రాజ్యము అట్లే లెక్కించినచో ఏల ఆక్షేపింపరాదు?

ఇది అసాధ్యమైన కోరిక కాదు. కోలారు గనులు జాతీయమైన 1956లోనే పసిఫిక్ సముద్రములోని గిల్బర్ట్ దీవులు, అనగా నేటి కిరిబాస్, తమ ఫాస్ఫేటు రాబడిలో కొంత భాగముతో ఒక నిధిని నెలకొల్పెను. 1979లో ఫాస్ఫేటు ముగిసినది, నిధి నిలిచినది. పొరుగుననున్న నౌరూ అట్టి నిధిని కూడబెట్టియు దుర్వ్యయమున పోగొట్టుకొన్నది. కావున నిధి యొక్కటే చాలదు, దానికి కట్టుబాటును కావలెను.

పేదదేశమునకు నాటి అవసరమే ముఖ్యమని కొందరందురు. ఈ వాదమున సత్యము లేకపోలేదు. 1991లో సుమారు 47 టన్నుల బంగారము విదేశములలో తాకట్టుపెట్టి భారతదేశము పరువు నిలుపుకొన్నది. అయితే బంగారము జాతిని ఆదుకొనునదైనప్పుడు, దానిని త్రవ్వియిచ్చిన ఊరిని ఆదుకొనుట జాతికి ఋణమే గదా! 1964లో ఏర్పడిన భారత్ ఎర్త్ మూవర్స్ కర్మాగారము సరియైన దిశలో పడిన అడుగు. కాని ఆ యొక్క కర్మాగారము గనులు మూతబడిన లోటును పూరింపజాలలేదు. వేలాది జనులు వేకువ రైళ్ళలో బెంగుళూరునకు పోయి రాత్రికి మరలివచ్చుచున్నారు. ఊరిచెంత సైనైడు మట్టిదిబ్బలు నిలిచియున్నవి; గాలి వీచినపుడు ఆ దుమ్ము ఇండ్లపై పడుచున్నది.

పరిశ్రమను స్థాపించుటెట్లో విశ్వేశ్వరయ్యగారు మనకు నేర్పిరి. ఆ పాఠము నేటికిని విలువైనదే. దానికి మనము చేర్చుకొనవలసిన ఉత్తరభాగ మొకటి కలదు: తరిగిపోవు సంపదపై నిలిచిన పరిశ్రమకు ప్రారంభదినముననే ముగింపు ప్రణాళికను వ్రాయవలెను. సింగరేణి బొగ్గుపై బ్రదుకు తెలుగువారికి ఈ మాట పరాయిది కాదు. బొగ్గును బంగారమువలెనే ఒకనాడు తరిగిపోవును. దానిని త్రవ్విన మనుష్యుల సంతతి మాత్రము మిగిలియుండును.