ఎనిమిది ప్రశ్నల పనితనం

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం పలు దేశాల నిపుణులు కలిసి చేసిన ‘అసిస్ట్’ ప్రశ్నావళిలో ఉన్నవి ఎనిమిది ప్రశ్నలే. మత్తు అలవాట్లను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే కనిపెట్టడానికి ఐదు పది నిమిషాల పని. మొదటి పరీక్షలు జరిగిన దేశాల్లో మనదీ ఉంది.

దాని వరస చూడండి. మొదటి ప్రశ్న, జీవితంలో ఎప్పుడైనా ఏమేం వాడారని పొగాకుతో మొదలుపెడుతుంది. పటాన్‌చెరులో షిఫ్టు దిగి వచ్చిన మనిషికి ఖైనీ, గుట్కా సంగతి చెప్పడం కష్టం కాదు. అక్కడ మాట కలిస్తే మద్యం, గంజాయి దాకా సాగుతుంది. ఆపైన గడిచిన మూడు నెలల్లో ఎన్నిసార్లు వాడారు, ఎంత తహతహ, ఒంటికీ ఇంటికీ ఏం నష్టం, చేయాల్సిన పని చెడిందా అని అడుగుతారు. పని చెడిందా అన్నది పొగాకు విషయంలో అడగరు, బీడీ తాగి ఎవరూ డ్యూటీ ఎగ్గొట్టరు గనక. ఇంత దూరం ఆలోచించినవాళ్ళకు దండం పెట్టాలి. మార్కుల్లోనూ అదే చూపు: రోజూ వాడతానంటే 6, దానివల్ల రోజూ పని చెడుతోందంటే 8. మద్యానికి 11 నుంచి 26 వస్తే డాక్టరు అక్కడే కూర్చోబెట్టి మాట్లాడతారు. 27 నుంచి పైన నిపుణుల దగ్గరికి పంపాలి.

నిద్రగోళీలకూ ఒక గడి ఉంది. సంగారెడ్డి పల్లెల్లో రోజూ కల్లు తాగే మనిషి అక్కడ ‘లేదు’ అంటాడు. అబద్ధమేమీ ఆడలేదు. కల్తీ కల్లులో కలిపేది డైజిపామ్, అల్ప్రాజోలం అని ఆయనకెవరు చెప్పారు? అందుకే ఇక్కడ అడిగేవాళ్ళు తమ నేర్పు జోడించాలి: “అన్నా, కల్లు దొరకని రోజు ఎట్లుంటది?” చేతులు వణుకుతాయనో, నిద్ర పట్టదనో, ఫిట్స్ వచ్చాయనో అంటే ఖాళీ గడి నిండినట్టే.

పక్షవాతం వార్డులో ఈ ప్రశ్న మరీ అవసరం. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు ఉన్న గడువు నాలుగున్నర గంటలే కాబట్టి ముందు స్కాన్, ఇంజెక్షన్ సంగతే చూడాలి. కానీ మంచమెక్కినవాడికి కల్లు ఆగిపోయింది. రెండో మూడో రోజు ఫిట్స్, పలవరింత మొదలైతే పక్షవాతం ముదిరిందనే అనుకుంటారు. రోగికి మాట పడిపోయి ఉండవచ్చు. చేర్చుకున్న రోజే భార్యనడగాలి: “అమ్మా, అన్న రోజూ కల్లు తాగుతడా? ఆఖరుసారి ఎప్పుడు తాగిండు?” ఆ జవాబు కేస్ షీటు మీద ఉంటే, రాత్రి డ్యూటీ డాక్టరు మళ్ళీ స్కాన్‌కు పంపుతూనే కల్లు ఆగినందుకు చేయాల్సిన వైద్యమూ మొదలుపెడతారు.