భయం నుంచి సాహసానికి: దాసరి సుబ్రహ్మణ్యం బాలల ధారావాహికలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: ‘చందమామ’ మాసపత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం (1932-2010) రాసిన జానపద ధారావాహికలు రెండు మూడు తరాల తెలుగు బాలలకు భయానక, అద్భుత రసాలను పరిచయం చేశాయి. ఈ రచనలలో భయం ఏ విధంగా నియంత్రితమైందో, పేరు లేని రచన ఆయన వృత్తిజీవితాన్ని ఎలా మలచిందో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల బాలపాఠకుల దృష్టితో ఈ రచనల బలాన్నీ, పరిమితినీ నిర్ణయించే ప్రయత్నం కూడా ఇందులో ఉంది.

కీలకపదాలు: బాలసాహిత్యం, భయానకరసం, చందమామ, ధారావాహిక, అడవి.

1. ఉపోద్ఘాతం

పిల్లలకు భయపెట్టే కథలు చెప్పవచ్చునా అన్న ప్రశ్న తెలుగు బాలసాహిత్య విమర్శలో తరచు నీతిచర్చగానే ముగుస్తుంది. సంప్రదాయం మాత్రం ఈ ప్రశ్నకు వేరే సమాధానం ఇచ్చింది. నేటి జనగామ జిల్లా బమ్మెరకు చెందినవాడుగా ప్రసిద్ధుడైన పోతన భాగవతం సప్తమస్కంధంలో నరసింహుని ఉగ్రరూపం ఎదుట దేవతలు సైతం వెనుకాడతారు. బాలుడైన ప్రహ్లాదుడు మాత్రం నిర్భయంగా సమీపిస్తాడు. పిల్లవాడి ముందు భయాన్ని దాచడం కాదు, దాని ఎదుట నిలబడే స్థానాన్ని అతనికి ఇవ్వడమే ఆ కథలోని కీలకం. ఇరవయ్యో శతాబ్దిలో ఈ పనిని లౌకికమైన కథల్లో, నెలనెలా చేసిన రచయిత దాసరి సుబ్రహ్మణ్యం.

2. పేరు లేని రచన

చక్రపాణి, బి. నాగిరెడ్డి 1947 జూలైలో ప్రారంభించిన ‘చందమామ’లో సుబ్రహ్మణ్యం 1952లో చేరారు. అదే ఏడాది సంపాదకబాధ్యతలోకి వచ్చిన కొడవటిగంటి కుటుంబరావు సాహచర్యంలో ఆయన పనిచేశారు. 1954లో ‘తోకచుక్క’ మొదలైంది. అక్కడి నుంచి మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు వరకు పన్నెండు ధారావాహికలు వచ్చాయి. వీటి మీద రచయిత పేరు ఉండేది కాదు. పాఠకుడికి మాంత్రికుల పేర్లు కంఠస్థం. వారిని సృష్టించిన వాడి పేరు మాత్రం తెలియదు.

ఇది కేవలం వినయంగా చూడదగిన విషయం కాదు. సంపాదకవర్గ ఉద్యోగి రాసినది పత్రిక సొత్తుగా వెలువడే పద్ధతి ఇది. కుటుంబరావు బేతాళకథలు సైతం ఇలాగే వచ్చాయి. ఇందువల్ల కథాశైలిలో ఒక సమష్టి స్వరం ఏర్పడింది. వ్యక్తిగత విన్యాసం లేని చిన్న వాక్యాలు, సూటి సంభాషణలు దాని లక్షణాలు. అదే సమయంలో రచయితకు తన పాఠకుడితో ఉండవలసిన సంబంధం తెగిపోయింది. ‘భల్లూక మాంత్రికుడు’ తర్వాత కూడా ఆయన 2006 వరకు పత్రికలోనే పనిచేశారు. యాభై నాలుగేళ్ల కొలువులో ఆయన కీర్తి పత్రిక కీర్తిగానే మిగిలింది.

3. భయాన్ని నియంత్రించే పద్ధతులు

భరతుడు భయానకరసానికి వికృతధ్వనులను, శూన్యగృహాన్ని, అరణ్యప్రవేశాన్ని విభావాలుగా చెప్పాడు. సుబ్రహ్మణ్యం ధారావాహికల శీర్షికలే ఈ విభావాల జాబితాలా కనిపిస్తాయి. లోయ, దుర్గం, శిథిలమైన ఆలయం, ద్వీపం అన్నీ దారి తప్పే స్థలాలు. అయితే ఆ భయం పిల్లవాడిని ముంచెత్తకుండా ఆయన మూడు కట్టుబాట్లు పాటించారు.

మొదటిది జంటనాయకత్వం. ‘రాకాసిలోయ’లో కేశవుడికి జయమల్లు, ‘శిథిలాలయం’లో శిఖిముఖికి విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మకు జీవదత్తుడు తోడుంటారు. ఒంటరిగా భయపడే పాత్ర అరుదు. భయం మాటలుగా మారి పంచుకోబడుతుంది.

రెండవది మాంత్రికుని మానవీకరణ. ‘తోకచుక్క’లో ఏకాక్షి, చతుర్నేత్రుడు ఆకారంలో భీకరులే, కాని వారిని నడిపించేది ధనకాంక్ష, పరస్పర వైరం. కారణం తెలిసిన భయం సగం తగ్గిన భయం. మంత్రతంత్రాల కథలో హేతుబుద్ధి ప్రవేశించినది ఇక్కడే.

మూడవది నెలరోజుల విరామం. ప్రతి భాగమూ ఆపద అంచున ఆగుతుంది. ఆ నెలంతా పిల్లవాడు తదుపరి ఘట్టాన్ని తానే ఊహించుకుంటాడు. భయపడిన శ్రోత క్రమంగా కథకుడు అవుతాడు. ‘చిత్రా’ గీసిన బొమ్మలు ఆ ఊహకు ఆధారమయ్యాయి.

4. ఎవరి అడవి?

ఈ ధారావాహికలలో అడవి ప్రధానంగా అపాయస్థలం. పట్టణ బాలునికి ఇది సహజం. కాని మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ, గంగారం మండలాల కోయ గూడేలలో, భూపాలపల్లి జిల్లా మహాముత్తారం, పలిమెల ప్రాంతాలలో పెరిగే బాలునికి అడవి ఇంటి వెనుక చోటు. కట్టెలకూ తునికాకుకూ ఇప్పపువ్వుకూ వెళ్ళే దారి. సింగరేణి భూగర్భ గనిలోకి తండ్రి షిఫ్టుకు దిగే ఇంట్లో ‘పాతాళం’ అన్న మాట పలికే అర్థం కూడా వేరు. గణపురం కోటగుళ్ళ చెంత ఆడుకునే పిల్లలకు శిథిలాలయం నిత్యం చూసే కాకతీయుల కట్టడం. కథలోని భయస్థలం వీరికి బతుకుస్థలం.

ఈ కోణంలో చూస్తే ఆటవికులను సమూహంగా, వింతగా చూపే ఘట్టాలు నేటి పాఠకునికి ఇబ్బంది కలిగిస్తాయి. స్త్రీపాత్రలకు సాహసంలో చొరవ తక్కువ అన్న విమర్శ కూడా నిలుస్తుంది. అయితే శబర యువకుడైన శిఖిముఖిని నాయకునిగా నిలపడం గమనార్హం. అడవిని ఎరిగినవాడే ఇక్కడ దారి చూపేవాడు. రచయిత పరిమితిని దాటే మార్గం ఆయన రచనలోనే ఉందని ఈ పాత్ర సూచిస్తుంది.

5. ముగింపు

సుబ్రహ్మణ్యం పిల్లలకు భయాన్ని అమ్మలేదు; భయంతో వ్యవహరించే పద్ధతిని నేర్పారు. తోడు వెతకడం, కారణం అడగడం, తరువాతి అడుగు ఊహించడం ఆ పద్ధతిలోని మెట్లు. తెలుగు బాలసాహిత్య చరిత్రలో ఈ ధారావాహికలను ‘చందమామ కథలు’ అన్న సామాన్య నామం కింద కాక, రచయిత పేరుతో బోధించడం విమర్శ చేయవలసిన మొదటి న్యాయం. గూడెం పిల్లలు, తండా పిల్లలు, గనికార్మికుల పిల్లలు ఈ కథలను చదివి తమ అడవిని, తమ పాతాళాన్ని తామే రాసేలా బడిలో అవకాశం కల్పించడం రెండవది. నెల ఆగి తదుపరి భాగాన్ని ఊహించిన పాఠకుల పరంపరకు అది సహజమైన కొనసాగింపు.