‘ఎలైట్ డేంజరస్’ క్రీడలో గ్రహోపరితల పదార్థాన్వేషణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

వీడియో క్రీడను కథన పాఠంగా పరిశీలించేటప్పుడు విమర్శ దృష్టి ముందుగా పాత్రలపైన, కథాంశంపైన నిలుస్తుంది. ఆటగాడు గంటల తరబడి చేసే పని వెనుకబడుతుంది. బ్రిటన్‌కు చెందిన ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘ఎలైట్ డేంజరస్’లో అటువంటి పని గ్రహాల నేలపై మూలకాల సేకరణ. 2015 డిసెంబరులో వచ్చిన ‘హొరైజన్స్’ విస్తరణతో దానికి అవకాశం కలిగింది. ఈ సేకరణను ఒక పఠనక్రియగా పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

ఏ గ్రహంలో ఇనుము, గంధకం, జెర్మేనియం ఎంత శాతం ఉన్నాయో క్రీడలోని పటమే చెబుతుంది. ఏ రాయి ఎక్కడ ఉందో మాత్రం చెప్పదు. నౌకను దింపి, చిన్న వాహనంలో నేలపై తిరుగుతూ వెతుక్కోవాలి. వాహనంలోని తరంగ సూచిక పరిసరాల్లోని వస్తువులను వెలుగు చారలుగా, శబ్దాలుగా తెలుపుతుంది. దూరాన ఉన్నదాని గుర్తు వెడల్పుగా, అస్పష్టంగా ఉండి, సమీపించే కొద్దీ సన్నబడుతుంది. అనుభవజ్ఞుడు లోహపు ఉల్కాశకలాన్ని, మామూలు శిలను చెవితోనే వేరు చేయగలడు. ధ్వని అనగానే ఆనందవర్ధనుణ్ణి తలచుకోవాలనే ఉబలాటం మన అధ్యాపకులకు సహజమే కాని, ఇక్కడ అది చెల్లదు. ఒక్కో శబ్దానికి ఒక్కో వస్తువు నియతమైనప్పుడు అది అభిధే. వ్యంజనకు చోటు లేదు. అయినప్పటికీ ఆ అభిధను తిరిగి తిరిగి, విని విని నేర్చుకోవడంలోనే ఈ అన్వేషణకు రుచి ఉంది.

దొరికిన రాతిని తుపాకితో పగులగొట్టి, ముక్కలను వాహనంలోకి ఎత్తుకోవాలి. కార్బన్, వెనేడియం, జెర్మేనియం కలిపితే నౌక తర్వాతి ఒక్క గెంతు దూరం 25 శాతం పెరుగుతుంది. నక్షత్రాలు పలచబడిన గెలాక్సీ అంచున చిక్కుకున్నవాడికి ఆ గెంతే మార్గం. అక్కడ ఒక రాయికి కథాపరమైన ఆవశ్యకత ఉంది.

నౌకా భాగాలను మెరుగుపరిచే ‘ఇంజనీర్లు’ 2016లో ప్రవేశించాక ఈ సంబంధం మారింది. అవసరం ఒక రాయి నుండి రాశికి పెరిగింది. ఆటగాళ్లు ఉపాయం కనిపెట్టారు: పదార్థం తీసుకుని, క్రీడ నుండి నిష్క్రమించి, మళ్లీ ప్రవేశిస్తే అదే చోట అదే పదార్థం సిద్ధంగా ఉంటుంది. దీన్ని కేవలం సాంకేతిక లొసుగుగా కొట్టివేయడం నాకు సమంజసంగా తోచదు. ఎంత తవ్వినా గుర్తుంచుకోని నేల అది. అక్కడ గుంట పడదు, కొరత రాదు, అడిగే మనిషీ లేడు. ‘హొరైజన్స్’లో దిగగలిగిన గ్రహాలు వాయుమండలం లేనివి కావడం వల్ల తవ్వకంలోని నైతిక ప్రశ్న తలెత్తే అవకాశమే తక్కువ.

2021లో వచ్చిన ‘ఒడిస్సీ’ పలుచని వాయుమండలం గల గ్రహాలనూ, వాటిపై జీవజాతులనూ చేర్చింది. ఒక్కో జాతి నుండి తగినంత ఎడంగా మూడు నమూనాలు తీసుకోవాలి. జీవికి హాని జరగదు. ఆటగాడికి దక్కేది సమాచారం, దానికి తగిన ప్రతిఫలం. ఖనిజాన్ని పగులగొట్టే చేయి జీవి ముందు ఓపిక నేర్చిందనిపిస్తుంది. ఈ భేదం సంపూర్ణం కాదు. ‘బ్రెయిన్ ట్రీ’ అనే వృక్షరూపాల కాయలను కాల్చి మూలకాలు ఏరుకునే పద్ధతీ ఇదే క్రీడలో ఉంది. ఆ కాయలు కూడా ఆటగాడు మళ్లీ వచ్చేసరికి యథాస్థానంలో ఉంటాయి.