జుట్టు ఎక్కడ ఆగుతుంది?

విగ్గు కుదిరిందో లేదో తేల్చేది నడినెత్తి కాదు, నుదుటి అంచు. చర్మంలో కలిసేచోట గీత కనబడిందా, ప్రేక్షకుడు కథ వదిలేసి విగ్గునే చూస్తాడు. అందుకే మంచి విగ్గుకు ముందువైపు దోమతెర కన్నా సన్నని లేసు ఉంటుంది. దాని కన్నుల్లో ఒక్కో వెంట్రుకనూ చిన్న కొక్కెంతో ముడేస్తారు. అంచుకు వచ్చేకొద్దీ పలచబరుస్తారు, సొంత జుట్టూ అక్కడ పలచగానే ఉంటుంది కాబట్టి.

సెట్లో నా వంతు ఆ తర్వాత. నటి జుట్టును సన్నగా అల్లి తలకు అంటిపెట్టి పిన్నులు పెడతాను. నుదుటి మీద గమ్ము పలచగా రాసి, జిగురెక్కాక లేసు దించి తడిగుడ్డతో అద్దుతాను. పైన మేకప్ రంగు పడితేనే అది చర్మంలో కలుస్తుంది. లైట్ల వేడికి చెమటపట్టి చెవి పక్కన లేసు లేస్తే, క్లోజప్ పెట్టేలోపే పట్టుకోవాలి. ఆ అంచులో జుట్టు ఎక్కడ ఆగిందో, మేకప్ ఎక్కడ మొదలైందో నేనే చెప్పలేను.

పరిశ్రమ మాత్రం గీత గీసి మరీ చెప్పింది: దువ్వెన ఆడవాళ్లకు, బ్రష్షు మగవాళ్లకు. ముంబైలోని సినీ మేకప్, హెయిర్‌డ్రెస్సర్ల సంఘంలో ఆడవాళ్లకు హెయిర్‌డ్రెస్సర్ సభ్యత్వ కార్డే దక్కేది, మేకప్ కార్డు ఇచ్చేవారు కాదు. మేకప్ ఆర్టిస్టు చారు ఖురానా కోర్టుకెక్కితే, ఆ నిబంధన చెల్లదని సుప్రీంకోర్టు 2014 నవంబరు 10న తేల్చింది.

కార్డు సంగతి తేలినా, జుట్టంటే తేలిక పనే అన్న చూపు పోలేదు. ఎంత తేలికో ఒక సీన్‌లో చూడండి: హీరోయిన్ ఏడుస్తూ గుమ్మం దాటుతుంది. వాకిలి వికారాబాద్‌లో తీస్తారు, లోపలి గది వారాల తర్వాత హైదరాబాద్ సెట్లో. పాయ ఏ చెంప మీద పడింది, ఎంత చెవి వెనక్కి పోయింది? నాలుగు వైపులా ఫోటోలు తీసిపెట్టుకుని, చెదిరిన జుట్టును మళ్లీ అలాగే చెదరగొట్టాలి. పూలజడ వేయడం దీనికంటే సుళువు.

ఆస్కార్ వాళ్లు 2012లో మేకప్ అవార్డు పేరులో హెయిర్‌స్టైలింగ్‌నీ చేర్చారు. మన జాతీయ అవార్డు పేరులో ఆ మాట ఇంకా లేదు. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు నేను చెప్పేదొకటే: రెండు పనులూ నేర్చుకోండి, రెండింటికీ కార్డు అడగండి.