మా తాత కత్తికి నేను రాసిన చీటీ

మా బడి ప్రదర్శనలో పెనుకొండ నుంచి తెచ్చిన మా తాత కత్తిని పెట్టాను. పక్కన "టిప్పు సుల్తాను సైన్యం వాడిన కత్తి" అని చీటీ అంటించాను. బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మానాన్నలు ఆగి ఫోటోలు తీసుకున్నారు. మా సార్ మాత్రం "నీకెట్ల తెలుసు?" అని అడిగారు. జవాబు లేదు. అందుకే ఆ చీటీని ఇప్పుడు నేనే విమర్శిస్తున్నాను.

మొదటి తప్పు, పోలికనే సాక్ష్యం అనుకోవడం. పిడి వంపు పుస్తకంలోని బొమ్మలా ఉంది, అంతే నా ఆధారం. కానీ పిడి మార్చవచ్చు. యూరప్ బ్లేడుకు మన పిడి తొడిగిన కత్తిని దక్కనులో 'ఫిరంగి' అనేవాళ్లు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు ముద్దలు పర్షియా దాకా వెళ్లాయి. అక్కడ కత్తిగా మారి, తిరిగొచ్చి ఇక్కడ పిడి తొడిగించుకుంటే అది ఏ ఊరిది?

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) దక్షిణాది సైన్యం కోసం హడావిడిగా చేసిన కత్తులు చాలావాటి మీద తయారీదారు పేరు లేదు. ఇత్తడి పోత, బ్లేడు మీది గాడి, ఒర అతుకు అన్నీ పేరున్న కత్తితో కలిస్తేనే నిపుణులు ఒక మాట చెబుతారు. పేరు తగిలితే ధర పెరుగుతుంది కనుక నకిలీలూ ఎక్కువే. 2023లో లండన్‌లో టిప్పు పడకగది కత్తి సుమారు 1.4 కోట్ల పౌండ్లకు అమ్ముడైంది. దాని బ్లేడు మీద రాత ఉంది, 1799లో ఎవరి చేతికి వెళ్లిందో తెలుసు. మా కత్తికి ఆ రెండూ లేవు.

రెండో తప్పు ఇంకా పెద్దది. మెరవాలని బ్లేడును ఎమరీ పేపరుతో రుద్దాను. తుప్పుతోపాటు సన్నని గీతలు, అక్షరాలు కూడా పోతాయట. ఏదైనా గుర్తు ఉండి ఉంటే దాన్ని చెరిపేసింది నేనే.

భయపడుతూ తాతకు ఫోన్ చేసి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "టిప్పుది కాకుంటే పోనీలేరా. మా నాయన ప్రతి దసరాకీ దానికి పూజ చేసేది నేను కండ్లారా చూసినా. అది రాయి" అన్నాడు.

కొత్త చీటీ ఇది: "ఇనుప బ్లేడు, ఇత్తడి పిడి. తయారీ గుర్తు కనబడలేదు. బ్లేడును ఈమధ్య రుద్దారు. పెనుకొండలో మా ముత్తాత కాలం నుంచి దసరా పూజలో ఉంది."