అక్కినేని ఆఖరి సరసం

ఆళ్లగడ్డ వైపు సంక్రాంతి సందడి కనుమతో ఆగదు. అహోబిలం నరసింహస్వామి పార్వేట పల్లకి బయల్దేరేది ఆ రోజే. తన పెళ్లికి రమ్మని జనాన్ని పిలుస్తూ స్వామి నలభై రోజులపాటు ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని మనువాడాడు కాబట్టి చెంచులకు ఆయన అల్లుడు. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రమూర్తి ఒక అడవిపిల్ల ముందు మెత్తబడ్డాడు. తెలుగువాళ్ల సరసానికి మూలమంతా ఇందులోనే ఉంది: బలమైనవాడు ఇష్టపడి ఓడిపోవడం.

ఆ కథనే 1958లో బి.ఎ. సుబ్బారావు 'చెంచులక్ష్మి'గా తీశారు. చెంచిత అంజలీదేవి, శ్రీహరి అక్కినేని నాగేశ్వరరావు. చెట్టెక్కడం వచ్చా అంటూ పిల్ల పరీక్షపెట్టే పాట ఈనాటికీ వినిపిస్తుంది. అందులో అక్కినేని దేవుడిలా బిగుసుకుని ఉండరు. పంతంలో అమ్మాయిది పైచేయి కానిచ్చి, ఆమె మాట పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు బదులిస్తారు. సరసమంటే మాటకు మాట వెయ్యడమే అనుకునే నటులు చాలామంది. ఎదుటి మాట వినడం సగం విద్య. కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు కట్టిన అనుభవమే ఆయనకు ఈ విద్య నేర్పిందని నా నమ్మకం.

'దేవదాసు' (1953) విషాదం జనం మనసులో ఇంకా తడి ఆరకముందే, 1955లో 'మిస్సమ్మ'లో డిటెక్టివ్ రాజుగా వచ్చారు. అందులో కథానాయకుడు రామారావు. అక్కినేనిది పక్క పాత్ర, పైగా హాస్యం. వెకిలి చేష్టలేవీ చెయ్యరు. తాను గొప్ప డిటెక్టివునని రాజు మనస్ఫూర్తిగా నమ్ముతాడు. నవ్వు మన వంతు.

ఈ రెండు విద్యలూ, అంటే వినడం, పక్కకు జరగడం, చివరి చిత్రం 'మనం'లో ఒక్కచోట కలిశాయి. విక్రమ్ కె. కుమార్ దర్శకుడు. మూడు తరాల అక్కినేనివారు కలిసి నటించారు, పేర్లు మాత్రం తారుమారు: తాత పేరు చైతన్య, నాగార్జున పేరు నాగేశ్వరరావు, నాగచైతన్య పేరు నాగార్జున. చిన్నప్పుడే పోగొట్టుకున్న అమ్మానాన్నలు మళ్లీ పుట్టి, పిల్లల వయసులో కళ్లముందు తిరుగుతుంటే, వాళ్లను కలపాలని ఆరాటపడే ముసలి కొడుకు ఆయన. కొంచెం అతి చేస్తే అభాసుపాలయ్యే పాత్ర ఇది. ఆయన కొడుకుతనాన్ని నటించి చూపించరు. నాగార్జున, శ్రియ ఎదురుగా ఉంటే, తల్లి కనబడ్డ పసివాడి ఆత్రం ఆ తొంభై ఏళ్ల ముఖంలోకి వస్తుంది. హాలంతా నవ్వుతుంది, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటుంది.

హాలీవుడ్‌లో క్యారీ గ్రాంట్ కూడా తన చివరి చిత్రంలో ప్రేమికుడి వేషం వదిలేశారు. 1966 నాటి 'వాక్, డోంట్ రన్'లో, టోక్యో ఒలింపిక్స్ రోజుల్లో బస దొరకని ఊళ్లో, ఒక కుర్ర జంటను కలిపే పెద్దమనిషి ఆయన. ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికినా మళ్లీ తెరమీదికి రాలేదు. హుందాగా తప్పుకున్నారు.

అక్కినేనికి ఆ తీరిక లేదు. 2013 అక్టోబరులో తనకు క్యాన్సరని విలేకరులకు తానే చెప్పారు. మంచాన పడ్డాక కూడా 'మనం'కు తన గొంతుతోనే డబ్బింగ్ చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. సినిమా మే 23న విడుదలైంది. జబ్బుమనిషి గొంతని ఎక్కడా అనిపించదు.

ప్రేమకథలో నాయకుడిగా వెలిగినవాళ్లు మనకు కొల్లలు. అదే ప్రేమకథను ముసలితనంలో పక్కన నిలబడి నడిపించడం అంతకన్నా కష్టం, అక్కినేని దాన్ని సాధించారు. 'మనం' మళ్లీ చూసేటప్పుడు మాట్లాడేవాళ్లను కాసేపు వదిలేసి, వింటున్న ఆయన్ని చూడండి.