రెండవ వేణువు – ఎన్నికయందలి లోపములు

వేణువు నేర్చుకొను బాలబాలికలకు మూడు నాలుగేండ్ల అభ్యాసము గడచి, వర్ణములు దాటి కృతులలో ప్రవేశము కలిగిన పిమ్మట, మొదట కొన్న చౌకవేణువు ఇక చాలదను మాట గృహములలో బయలుదేరును. అది న్యాయమైన మాటయే. అట్టి వేణువులలో పెక్కింటియందు మధ్యస్థాయి షడ్జము సరిగా నున్నను, తారషడ్జము తగ్గియో హెచ్చియో పలుకుచుండును. చెవి పక్వమగుచున్న పిల్లవానిని ఆ దోషము దినదినమును బాధించును. కనుక మంచి వేణువు కొనవలసినదే. అయితే మన కుటుంబములు దానిని ఎన్నుకొను తీరును మాత్రము మేము విమర్శింపక తప్పదు.

పొడవును బట్టి విలువ కట్టుట మనలో బలముగా నాటుకొన్న భ్రమ. పొడుగు వేణువు విద్వాంసునిదనియు, పొట్టివేణువు పిల్లవానిదనియు తలచుచున్నారు. ఈ తలంపునకు చరిత్రలో కారణము లేకపోలేదు. 1911లో బారిసాలున జన్మించిన పన్నాలాల్ ఘోష్ 32 అంగుళముల వెదురును హిందూస్థానీ కచేరీ వేదికపై నిలిపి, గాత్రమునకు చెల్లు గాంభీర్యమును దానియందు పలికించెను. దక్షిణమున ఎన్. రమణి (1934–2015) పొడవైన వేణువును కర్ణాటక కచేరీకి అలవాటు చేసెను. ఆ మంద్రనాదము విన్నవారు తమ బిడ్డయు అట్లు వాయింపవలెనని కోరుట సహజము. కాని రమణికి గురువైన మాలి, అనగా టి. ఆర్. మహాలింగము, వేణువాదనమున తెచ్చిన గొప్ప మార్పు పొడవునకు సంబంధించినది కాదు. వ్రేళ్ళు రంధ్రములను పట్టు తీరునకును, పెదవి ఊదు తీరునకును సంబంధించినది. గాత్రమునందలి గమకము వెదురునకు వచ్చినది ఆ పట్టు వలననే. దానిని అంగుళములతో కొలిచి కొనలేము గదా!

మహారాష్ట్రమున స్థిరపడిన మనవారికి ఇంకొక చిక్కు కలదు. అచ్చటి అంగళ్ళలో సులభముగా దొరకునది బాఁసురీ. బిడ్డ నేర్చునది కర్ణాటక సంగీతము. బాఁసురీకి సామాన్యముగా వ్రేళ్ళ రంధ్రములు ఆరు. పై మూడు మూసిన షడ్జము పలుకును. మన వేణువునకు ఎనిమిది రంధ్రములు. చివరిది సాధారణముగా తెరచియే యుండును. పై రెండు మూసిన షడ్జము పలుకును. బాఁసురీ చక్కని వాద్యమే. కాని మూడు సంవత్సరములు ఒక స్థానమున షడ్జమును పట్టిన వ్రేళ్ళకు, హెచ్చుధర పెట్టి కొన్నది గదాయని వేఱొక స్థానము చూపుట విద్యను వెనుకకు నెట్టుటయే. కాన్కగా వచ్చిన బాఁసురీ నొకదానిని ముందిడుకొని, బిడ్డయు తల్లిదండ్రులును కూడ దిగులుపడిన యిల్లు మే మెఱుగుదుము.

ఇక ఊపిరి సంగతి. మా విమర్శకు ఇదియే ముఖ్యము. గొట్టము పొడవును వెడల్పును పెరిగినకొలది సామాన్యముగా ఊపిరి హెచ్చుగా ఖర్చగును. రంధ్రముల మధ్య దూరము పెరిగి, సగము మూసి పలికింపవలసిన స్వరములు చిన్నచేతికి లొంగవు. ఊపిరి చాలని బాలుడు ఎచ్చట ఆగును? చాలనిచోటనే ఆగును. అది మాట ముగిసిన చోటు కానక్కఱలేదు. వాద్యమునకు అక్షరములు లేవు. సాహిత్యమును శ్రోతకు సూచించు మార్గములలో ఊపిరి విరుపు ప్రధానమైనది. "ఎందరో మహానుభావులు" అను శ్రీరాగ పంచరత్నమునే తీసికొనుడు. "ఎందరో" తరువాత ఆగిన అందముగా నుండును. "మహాను" అని ఆగిన మహానుభావులు ముక్కలగుదురు. తెలుగెఱుగని శ్రోత దానిని క్షమించునేమో! అదే కృతిని వంటయింట పాడుకొను నాయనమ్మ క్షమింపదు, క్షమింపనక్కఱయు లేదు.

పరిహాసమునకు చెప్పిన మాట కాదిది. కన్నడమునో, తమిళమునో, ఒడియానో, మరాఠీనో చదువుకొనుచు, తెలుగు లిపి రాని పిల్లలు మన యిండ్లలో ఎందఱో కలరు. అట్టి యిండ్లలోను త్యాగరాజకృతి నిలిచియున్నది. సంగీతము నేర్చు బిడ్డకు తెలుగు వాక్యము నిడివి తెలియుచున్నది పలుచోట్ల ఆ కృతి వలననే. చేతికిచ్చిన వేణువు ఆ వాక్యమును విఱిచివేయునదైనచో, బిడ్డకు స్వరము మిగులును, మాట పోవును. అందుచేత కొనబోవు వేణువుపై బిడ్డ తనకు చక్కగా వచ్చిన కృతిలోని ఒక చరణమును వాయించి చూడవలెను. వాయించుటకు ముందు ఆ చరణమును నోట పాడవలెను. పాడునపుడు ఆగిన చోట్లనే వాయించునపుడును ఆగగలిగిన, ఆ వేణువు అతనికి తగినది.

అంగడిలో వేణువు చేయువాడు ఊది చూపినపుడు మోసపోరాదు. నేర్పరి పెదవి కోణమును కొంచెము మార్చి తప్పుడు రంధ్రమును గూడ శ్రుతిలోనికి తెచ్చును. బిడ్డయే ఊదవలెను. అదియు వెంటనే కాదు. చల్లని వెదురు తగ్గి పలుకును, ఊపిరి వేడికి శ్రుతి పైకి వచ్చును. కొన్ని నిమిషములు వాయించిన పిమ్మటనే పరీక్ష. మధ్య, తార షడ్జములను, పంచమమును తంబురతో పోల్చి చూడవలెను. సెల్‌ఫోనులోని శ్రుతిమాపకపు ముల్లునకు మేమంత విలువ ఇయ్యము. అది సామాన్యముగా స్థాయిని పండ్రెండు సమభాగములు చేసి కొలుచును. తంబురలో తనంత తాను వినవచ్చు గాంధారము ఆ కొలతకంటె కొంచెము తక్కువ. ముల్లు మెచ్చిన గాంధారమును చెవి మెచ్చకపోవచ్చును. గొట్టము వంకర లేకుండుట, సన్నని బీటలు లేకుండుట, వెదురు బాగుగా ఎండియుండుట చూడవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఐదు శ్రుతి వేణువుపై నేర్చిన బిడ్డకు ముందుగా అదే ఐదు శ్రుతిలో, శుద్ధముగా పలుకు వేణువును కొనుట మేలని మా అభిప్రాయము. పొడుగు వేణువు రెండు మూడేండ్లు ఆగవచ్చును. ఛాతియు చేతులును ఎదిగిన పిమ్మట గురువే చెప్పును. పాత వేణువును మాత్రము పాఱవేయరాదు. వేసవి పొడిగాలికి క్రొత్తది బీటవాఱిన దినమున కచేరీ యుండవచ్చును.